జనానికి అర్థమయ్యేలా ఆరోగ్యం గురించి రాసే పనిలోకి ఎలా రావాలి

బీ ఫార్మసీ అయ్యాక రాజోలులో మా మావయ్య మెడికల్ షాపులో రెండేళ్ళు కూర్చున్నానండి. అక్కడ రోజూ జరిగేది ఒకటే, డాక్టరు గారు చీటీ మీద 1-0-1 అని రాస్తారు, చీటీ పట్టుకొచ్చిన పెద్దాయన దాన్ని నూటొకటి అని చదువుకుని బిత్తరపోతాడు, మేమేమో మాత్రల కవరు మీద స్కెచ్ పెన్నుతో ఒక సూర్యుడూ ఒక చందమామా వేసి ఇస్తాం. మందుల స్ట్రిప్పు కత్తిరించి ఇస్తే ఎక్స్‌పైరీ డేటు మిగతా ముక్క మీదే ఉండిపోయేది, అది కూడా రాసిచ్చేవాళ్ళం. ఇప్పుడు నేను డబ్బులు తీసుకుని చేసే పని కూడా దాదాపు అదే, కాకపోతే కవరు బదులు పాంప్లెట్లు, గోడ పోస్టర్లు, హాస్పిటల్ డిశ్చార్జ్ కాగితాలు, వీడియోలకి స్క్రిప్టులు, ఫోన్లో వచ్చే మెసేజీలు.

ఈ పనిలోకి రావాలని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు, ఒక్కొక్కళ్ళకీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ వరసగా రాసేస్తున్నా. ముఖ్యంగా మన కోనసీమ, భీమవరం, నరసాపురం వైపు వాళ్ళ కోసం, ఎందుకంటే ఈ పనికి హైదరాబాద్ పోనక్కర్లేదు, నిజానికి ఇక్కడుంటేనే బాగా వస్తుంది.

1. ముందు మీ లోటేంటో చూసుకోండి

డాక్టరై ఉండాలా అని అడుగుతారు. అక్కర్లేదు. నర్సింగ్ చేసినవాళ్ళు, ఫార్మసీ, ల్యాబ్ టెక్నీషియన్లు, తెలుగు ఎమ్మే చేసినవాళ్ళు, పేపర్లో పనిచేసి మానేసినవాళ్ళు, అందరూ వస్తున్నారు. వచ్చేవాళ్ళు రెండు రకాలు. వైద్యం తెలిసి, రాయడానికి కూర్చుంటే మాత్రం క్లాసు పుస్తకంలా రాసేవాళ్ళు ఒక రకం. రాయడం వచ్చి, లివర్ కుడి పక్కన ఉంటుందో ఎడమ పక్కన ఉంటుందో తెలియని వాళ్ళు రెండో రకం. రెండో వాళ్ళే త్వరగా బాగుపడతారని నా అనుభవం, ఎందుకంటే తెలియంది నేర్చుకోవచ్చుగానీ తెలిసింది మర్చిపోవడం కష్టం. నేను మొదటి రకం, నాకు ఏడాది పట్టింది "సేవించవలెను" అనే మాట చేతిలోంచి పోవడానికి.

2. నెల రోజులు ఏమీ రాయకుండా వినండి

ఇది చాలామంది చెయ్యరు, నేరుగా రాయడం మొదలెట్టేస్తారు. ఒక చిన్న నోట్‌బుక్ కొనుక్కుని తెలిసినవాళ్ళ మెడికల్ షాపులో సాయంత్రం పూట ఒక గంట కూర్చోండి, పీహెచ్‌సీ ఓపీ దగ్గర బెంచీ మీద కూర్చోండి, అంగన్‌వాడీ దగ్గరికి తల్లులు వచ్చే రోజు వెళ్ళండి. పేషెంట్ల పేర్లు, ఊళ్ళు ఏమీ రాసుకోవద్దు, వాళ్ళు వాడిన మాట మాత్రం రాసుకోండి.

నా పాత నోట్‌బుక్‌లో కొన్ని ఉన్నాయి చూడండి. కాళ్ళు లాగుతున్నాయి. కళ్ళు బైర్లు కమ్మాయి. నెమ్ము చేసింది. ఒంట్లో వేడి చేసింది. పొట్ట ఉబ్బరంగా ఉంది. తిమ్మిర్లు పడుతున్నాయి. ఇక అన్నిటికంటే పెద్దది గ్యాస్, గుండెలో మంట వచ్చినా గ్యాసే, ఛాతీ పట్టేసినా గ్యాసే, ఎడమ చెయ్యి లాగినా గ్యాసే, షాపుకొచ్చి గ్యాసు మాత్ర ఒకటి ఇవ్వండి అంటారు, అందులో ఏదో ఒకరోజు ఒకటి గుండెపోటు అవుతుంది. మరి గుండెపోటు గురించి మీరు పాంప్లెట్టు రాస్తే దాని మీద పెద్దక్షరాలతో "గుండెపోటు లక్షణాలు" అని పెడితే ఎవరు చదువుతారు? తనకి గ్యాస్ అనుకుంటున్న మనిషి చదవడు కదా. అదే "ఇది గ్యాసేనా? ఛాతీ మీద బరువు పెట్టినట్టుండి చెమటలు పడుతుంటే గ్యాసు మాత్ర వేసుకుని కూర్చోవద్దు, 108కి ఫోన్ చెయ్యండి" అని మొదలెడితే ఆయనే ఆగి చదువుతాడు.

మాటల విషయంలో ఒక రూలు అడుగుతారు, తెలుగు మాట వాడాలా ఇంగ్లీషు మాట వాడాలా అని. రూలు లేదండి, నోట్‌బుక్కే రూలు. మధుమేహం అని మన వైపు ఎవరూ అనరు, షుగరు. రక్తపోటు కాదు, బీపీ. మూత్రపిండాలు కాదు, కిడ్నీలు. కానీ పెరాలిసిస్ అనడం కంటే పక్షవాతం ఎక్కువ అంటారు, జాండిస్ కంటే కామెర్లు, యుటెరస్ కంటే గర్భసంచి. నూరేళ్ళ కిందటే గిడుగు రామమూర్తి పంతులు గారు జనం మాట్లాడే భాషలో రాయాలని గ్రాంథికం వాళ్ళతో అంత పోరాడారు, ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం, దండలు వేస్తున్నాం, ఆ పక్కనే ఆసుపత్రి గోడ మీద ఇంకా "అతిసార వ్యాధిగ్రస్తులు" అని ఉంటుంది.

3. ఒక్క జబ్బు పట్టుకోండి, దానికి కాగితాలు కూడబెట్టండి

మొదట్లోనే అన్నీ రాయొద్దు. మన డెల్టాలో పుట్టిన మనిషికి బాగా తెలిసిన నాలుగైదు ఉంటాయి, బోదకాలు, పాముకాటు, వరదల్లో విరేచనాలు, షుగరు, బీపీ. అందులో ఒకటి తీసుకోండి. డబ్ల్యూహెచ్‌ఓ ఏం చెప్తోంది, కేంద్ర ఆరోగ్య శాఖ ఏం చెప్తోంది, తిండి సంగతైతే హైదరాబాద్‌లో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన 17 సూచనలు ఏమంటున్నాయి, ఇవన్నీ ఒక ఫోల్డర్లో పెట్టుకోండి. మీరు రాసే ప్రతి అంకె పక్కనా అది ఎక్కడిదో, ఏ ఏడాదిదో మీ సొంత కాపీలో రాసిపెట్టుకోవాలి. బయటికిచ్చే కాపీలో అక్కర్లేదు. వాట్సాప్‌లో తిరిగేది ఎంత నిజంలా అనిపించినా ఫోల్డర్లోకి రాకూడదు.

4. ఇప్పుడు రాయండి, కానీ చేతికి పని చెప్పేలా

ఒక ఉదాహరణతో చెప్తే సులువు. బోదకాలు మాత్రల గురించి ఒకప్పుడు నా చేతికొచ్చిన కాగితం ఇలా ఉంది: "శోషరస నాళములలో నివసించు పరాన్నజీవుల నిర్మూలనకై నిర్వహించు సామూహిక ఔషధ సేవన కార్యక్రమంలో అర్హులైన వారందరూ విధిగా పాల్గొనవలెను." నేను ఫార్మసీ చదివి కూడా రెండుసార్లు చదివాను. మన ఊళ్ళల్లో ఏం జరుగుతుందంటే మాత్రలు తీసుకుంటారు, సరేనమ్మా అంటారు, మాత్రలు ఇచ్చిన ఆశా వర్కరు గుమ్మం దాటగానే చూర్లో దోపేస్తారు, ఎందుకంటే నాకు కాలు బాగానే ఉంది కదా నాకెందుకు అని ఒకటి, పోయినసారి వేసుకుంటే జ్వరం వచ్చింది అని రెండు. అంటే కాగితం జవాబు చెప్పాల్సింది ఈ రెండిటికీ. నేను తిరగరాసింది ఇది:

"బోదకాలు దోమ వల్ల వస్తుంది. పురుగు ఒంట్లోకి వెళ్ళిన చాలా ఏళ్ళకి గానీ కాలు వాయదు. అందుకే ఇవాళ మీకేమీ లేకపోయినా మాత్రలు వేసుకోవాలి. అన్నం తిన్నాక, మాత్రలు ఇచ్చినావిడ ఎదురుగానే వేసుకోండి. కొంతమందికి జ్వరం, తలనొప్పి, కళ్ళు తిరగడం ఉంటాయి. ఒంట్లో ఉన్న పురుగులు చచ్చేటప్పుడు అలా అవుతుంది, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. తగ్గకపోతే ఆశా వర్కరుకి చెప్పండి. రెండేళ్ళలోపు పిల్లలు, కడుపుతో ఉన్నవాళ్ళు, బాగా జబ్బు చేసి ఉన్నవాళ్ళు వేసుకోకూడదు."

ఇందులో గొప్ప తెలుగేమీ లేదు. ఒక్కో వాక్యానికి ఒక్కో పని, అంతే. మందుల పేర్లు, వయసుని బట్టి ఎన్ని మాత్రలన్నది కింద చిన్న పట్టీలో పెట్టాను, అది ఇచ్చే ఆశా వర్కరు చూసుకోడానికి. ఇంకోటి, ఈ జబ్బుకి రక్తం రాత్రి పూట తీస్తారు, పగలు తీస్తే సరిగ్గా తెలియదు, ఆ పురుగు పిల్లలు రాత్రి వేళ ఎక్కువగా రక్తంలోకి వస్తాయి కాబట్టి. ఈ ఒక్క ముక్క ముందు చెప్పకపోతే రాత్రి తొమ్మిది దాటాక సూది పట్టుకుని తలుపు కొట్టినవాళ్ళని ఎవరు రానిస్తారండి?

కొలతలు మన వంటింట్లోకి తేవాలి. సోడియం 2,000 మిల్లీగ్రాములు దాటకూడదు అంటే ఎవరికీ పనికిరాదు, రోజుకి మనిషికి 5 గ్రాముల ఉప్పు, అంటే తలకొట్టిన టీ చెంచాడు, అందులోనే కూర, పచ్చడి, ఎండు చేప, మజ్జిగలో వేసుకున్నది అన్నీ కలిపి అని చెప్తేనే ఆవకాయ జాడీ వైపు చూస్తారు. కుక్క కరిస్తే 15 నిమిషాలు అని రాస్తే ఒక నిమిషం కడిగి వచ్చేస్తున్నారు, "సబ్బు పెట్టి కుళాయి కింద పావుగంట కడగాలి, పసుపూ కారం పెట్టొద్దు, అదే రోజు టీకాకి వెళ్ళాలి" అన్నాక కొంచెం నయం. తిండి పట్టీలైతే మరీ ఘోరం, భీమవరంలో చెరువు గట్టు మీద కూర్చున్నాయనకి సాల్మన్ చేప తినమని రాసిస్తారు, ఆయన దగ్గర శీలావతి, బొచ్చె టన్నుల లెక్కన ఉంటే. పుస్తెలమ్మైనా పులస తినాలనే జనానికి చేప గురించి చెప్పేటప్పుడు కాస్త మర్యాదగా చెప్పాలండి.

ఊరు ఎలాంటి చోట ఉందో కూడా రాతలోకి రావాలి. "వెంటనే దగ్గరలోని ఆసుపత్రికి తీసుకువెళ్ళండి" అనేది అమలాపురంలో సరిపోతుంది, గోదావరి పాయల మధ్య ఉన్న కనకాయలంకలో, ఊళ్ళోకి వెళ్ళే దారి కాజ్‌వే మునిగిన రోజు సరిపోదు. లంక ఊళ్ళకి కడుపుతో ఉన్నవాళ్ళ కోసం నేను రాసిన కాగితంలో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టాన్ని బట్టి ఇచ్చే వరద హెచ్చరికలనే గుర్తుగా పెట్టాను, ఎందుకంటే అక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని. "తొమ్మిదో నెలలో ఉంటే మొదటి హెచ్చరిక వినగానే బట్టలు సర్దుకుని ఇవతలి ఒడ్డుకి వచ్చెయ్యండి, రెండోది దాకా ఆగొద్దు." 2022 జులై వరదలు చూసినవాళ్ళకి ఇంతకంటే వివరం అక్కర్లేదు.

పాముకాటు కాగితంలో ఆర్డరు ముఖ్యం. పాముల రకాలు, నాగుపాము, కట్లపాము, రక్తపింజరి అని బొమ్మలతో మొదలెట్టి అసలు పని నాలుగో పేజీలో చెప్తారు కొందరు. కరిచిన మనిషి ఇంట్లోవాళ్ళు మొదటి మూడు లైన్లే చదువుతారు, ఆ మూడింట్లోనే ఉండాలి: కదలకుండా పడుకోబెట్టండి, తాడు కట్టొద్దు కొయ్యొద్దు నోటితో పీల్చొద్దు, 108కి ఫోన్ చెయ్యండి. పామును వెతికి చంపి తేనక్కర్లేదు అనేది నాలుగో లైను.

5. చదివించి చూడండి, ఇక్కడే నేను దెబ్బతిన్నాను

రాశాక ఐదారుగురికి చదివి వినిపించాలి, మీ ఫ్రెండ్సుకి కాదు, ఆ కాగితం ఎవరి కోసమో వాళ్ళకి. అర్థమైందా అని మాత్రం అడక్కండి. మన గోదావరి మర్యాద తెలుసుగా, "ఆయ్, బాగా అర్థమైందండి" అంటారు, అర్థం కాకపోయినా అంటారు, పైగా కాఫీ ఇస్తారు. ఇలా అడగాలి: "పిన్నీ, ఇది మీ కోడలికి చెప్పాలనుకోండి, ఎలా చెప్తారు?" అప్పుడు బయటపడుతుంది.

ఇది నేను పద్ధతిగా చేశాను కూడా. వరదల తర్వాత విరేచనాల గురించి ఒక పాంప్లెట్టు రాశా, "ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు మొత్తం లీటరు నీళ్ళలో కలపండి, 24 గంటల్లో వాడెయ్యండి" అని. ఐదుగురిని అడిగితే ఐదుగురూ తడుముకోకుండా చెప్పారు, ప్యాకెట్టు మొత్తం, లీటరు నీళ్ళు. డాక్టరు గారు చూశారు. రెండు వేల కాపీలు వేశారు. తర్వాత పి.గన్నవరం దగ్గర లంకలో ఒక ముసలావిడ ఇంట్లో కూర్చుంటే మనవడికి విరేచనాలని ఆవిడ నా ముందే ఓఆర్‌ఎస్ కలపడానికి లేచింది, నా పాంప్లెట్టు మేకుకి గుచ్చి ఉంది, నాకు లోపల తెగ సంతోషం. లీటరు బాటిల్ నిండా కాచి చల్లార్చిన నీళ్ళు పోసింది, డబ్బాలోంచి ప్యాకెట్టు తీసి మొత్తం వంచింది. అది చిన్న ప్యాకెట్టండి. 200 మిల్లీలీటర్లకి వచ్చేది. ఐదు గ్లాసుల్లో కలపాల్సింది ఒకటీ, ఒక గ్లాసులో కలపాల్సింది ఒకటీ, రెండు సైజులు ఉంటాయని నాకు షాపులో అమ్మినప్పటి నుంచీ తెలుసు, రాసేటప్పుడు తోచలేదు. ఆవిడ తప్పేం లేదు, నేను చెప్పింది చెప్పినట్టు చేసింది. నీళ్ళ బాటిల్ పక్కన పెట్టించి రెండో ప్యాకెట్టు గ్లాసులో కలిపించి వచ్చాను, దారంతా సిగ్గుగా ఉంది.

అప్పటి నుంచి నోటితో చెప్పించడంతో ఆపట్లేదు, వస్తువు చేతికిచ్చి చేయిస్తున్నా. ఇన్సులిన్ గురించి రాస్తే సిరంజి, సిరప్ గురించి రాస్తే మూత, ఉప్పు గురించి రాస్తే వాళ్ళింటి చెంచా. సిరప్‌కి చెంచాడు అంటే వాళ్ళింట్లో పప్పు వడ్డించే చెంచా తీసిన తల్లిని చూశాను, ఇప్పుడు "సీసాతో వచ్చిన మూతలో 5 ఎంఎల్ గీత వరకు" అని బొమ్మేసి పెడుతున్నా. ఓఆర్‌ఎస్ కాగితం ఇలా మారింది: "ముందు ప్యాకెట్టు మీద ఎన్ని నీళ్ళని ఉందో చూడండి. పెద్ద ప్యాకెట్టుకి లీటరు బాటిల్ నిండా నీళ్ళు. చిన్న ప్యాకెట్టుకి ఒక గ్లాసు, 200 ఎంఎల్. సగం ప్యాకెట్టు కలిపి సగం దాచొద్దు." పక్కన రెండు ప్యాకెట్ల ఫోటోలు.

అన్నట్టు పెట్టెల్లో అమ్మే తీపి డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అని రాసుకునేవాళ్ళు కదా, హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పట్టుబట్టి పోరాడితే 2025 అక్టోబరులో తిండి పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడొద్దని చెప్పింది. పేరులో ఉన్న మూడక్షరాలకి అంత గొడవెందుకు అనేవాళ్ళు ఈ పనికి పనికిరారు.

6. డాక్టరు చేత చూపించాలి, కానీ చూపించే విధం ఉంది

డాక్టరు చూడకుండా ఏదీ బయటికి వెళ్ళకూడదు, ఇందులో బేరం లేదు. కాకపోతే డాక్టర్లకి మన కాగితం ఇస్తే వాళ్ళు తప్పులు దిద్దడంతో పాటు పెద్ద మాటలు మళ్ళీ చేరుస్తారు, విరేచనాలు కొట్టేసి అతిసారం రాస్తారు, అలా ఉంటే గౌరవంగా ఉంటుందని. నేను ఇచ్చేటప్పుడే పైన ఒక లైను రాసిపెడతా: "డాక్టరు గారూ, ఇందులో వైద్యపరంగా తప్పున్నచోట మాత్రం గీత పెట్టండి." అయినా మార్చితే ఫోన్ చేసి నెమ్మదిగా అడుగుతా, సార్ ఇది తప్పా, లేక మాట చిన్నగా ఉందా అని. చాలామంది నవ్వి సరే ఉంచెయ్యండి అంటారు. నవ్వనివాళ్ళూ ఉన్నారు, వాళ్ళతో ఇంకో ఉత్తరం ఇంకో ఫోను.

7. పని ఎక్కడ దొరుకుతుంది, డబ్బులెలా

మూడు శాంపిళ్ళు చాలు. ఒక పేజీ పాంప్లెట్టు, రెండు నిమిషాల వీడియో స్క్రిప్టు, ఒకటి "ముందు ఇలా ఉంది, తర్వాత ఇలా మార్చాను" అని చూపించేది. ఆ మూడోదే పని తెస్తుంది, నమ్మండి. వాటిని తీసుకుని కాకినాడ, రాజమండ్రి, భీమవరం ప్రైవేటు హాస్పిటళ్ళలో పేషెంట్ కాగితాలు చూసే మేనేజర్ని కలవండి, డాక్టరుని కాదు. స్వచ్ఛంద సంస్థలకి, యాప్‌లు చేసే కంపెనీలకి మెయిల్ పెట్టండి. క్లినికల్ ట్రయల్స్, అంటే కొత్త మందుల్ని మనుషుల మీద పరీక్షించి చూసే వైపు పని నిలకడగా ఉంటుంది, 2019 రూల్స్ ప్రకారం ట్రయల్లో చేరే మనిషికి అర్థమయ్యే భాషలో ఒప్పుకోలు పత్రం ఇవ్వాలి, కాబట్టి తెలుగు చేసేవాళ్ళు కావాలి, మీరు తెలుగు చేశాక ఇంకొకరు దాన్ని తిరిగి ఇంగ్లీషు చేసి పోల్చి చూస్తారు. అక్కడ సొంత కవిత్వం కుదరదు, మాటకి మాట లెక్క చెప్పాలి, నాకు విసుగే గానీ కరెంటు బిల్లు దాంతోనే కడుతున్నా.

అనువాదానికైతే మాటల లెక్కన ఇస్తారు. సొంతంగా రాసేదానికి మాటల లెక్క ఒప్పుకోకండి, ఎందుకంటే మన పనే మాటలు తగ్గించడం, నాలుగు పేజీలు ఒక పేజీ చేస్తే నాలుగో వంతు డబ్బులిస్తామంటే ఎలా? ఒక కాగితానికి ఇంత అని మాట్లాడుకోండి, అందులో ఊళ్ళో చేయించి చూసే ఖర్చు, బస్సు చార్జీలతో సహా విడిగా ఒక లైను రాయండి. నా మొదటి పనికి 1,500 ఇచ్చారు, అదీ మూడు నెలలు తిరిగాక. ఇప్పుడు సగం ముందే అడుగుతా.

8. చెయ్యకూడనివి

షుగరు పూర్తిగా పోగొడతాం అనే కషాయాలవాళ్ళు మంచి డబ్బులిస్తామని వస్తారు. 1954 నుంచి చట్టం ఉంది, కొన్ని జబ్బులు నయం చేస్తామని ప్రకటనలు వెయ్యకూడదు, అందులో షుగరు ఉంది. చట్టం సంగతి పక్కన పెట్టినా ఆ కషాయం తాగి మాత్రలు మానేసేది మన పక్కింటాయనే. పేషెంట్ల ఫోటోలు వాడొద్దు. ఫోన్లో మిషన్ అనువాదం చేసి దిద్దుకుందాం అనుకుంటే ప్రతి మాటా చూసుకోండి, నాకోసారి స్టూల్ టెస్టుని, అంటే మల పరీక్షని, బల్ల పరీక్ష చేసి ఇచ్చింది.

9. కాగితం కింద నెల, ఏడాది వెయ్యండి

సలహాలు మారుతుంటాయి, మన తప్పులూ బయటపడుతుంటాయి, అందుకని ప్రతి కాగితం కింద ఎప్పుడు రాసిందో చిన్నక్షరాల్లో ఉండాలి, ఎన్ని కాపీలు ఎక్కడెక్కడికి వెళ్ళాయో మీ దగ్గర లెక్క ఉండాలి. ఓఆర్‌ఎస్ పాత కాపీలు నేను ఊరూరూ తిరిగి వెనక్కి తెచ్చాను, సెంటర్లలోవి, గోడల మీదవి, అంగన్‌వాడీ బీరువాల్లోవి, వాటి బదులు కొత్తవి ఇచ్చి వచ్చాను. దాదాపు అన్నీ వచ్చేశాయి అనుకున్నా. పోయిన నెల తాటిపాక సెంటర్లో బజ్జీల బండి దగ్గర ఆగితే పొట్లం కట్టిచ్చిన కాగితం మీద నూనె మరకల్లోంచి నా లీటరు బాటిల్ బొమ్మ కనిపించింది. ఇంకా ఉన్నాయా బాబూ ఇలాంటివి అంటే కట్ట తీసి చూపించాడు, ఓ యాభై ఉంటాయేమో. పాత పేపర్లు రెండు కేజీలు కొనిచ్చి ఆ కట్ట తీసుకుని వచ్చేశా.